పాత కంప్యూటర్, పెద్ద హార్డ్ డిస్క్: బూట్ కాకపోవడానికి కారణం డిస్కేనా?

ప్రశ్న: నా దగ్గర 2008 నాటి డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంది. అందులో 320 జీబీ డిస్క్ మీద 64 బిట్ల విండోస్ 7 నడుస్తోంది. స్థలం చాలక 4 టీబీ డిస్క్ కొన్నాను. దానిని ముందు యూఎస్‌బీ డాక్‌లో (డిస్క్‌ను బయటి నుంచి కంప్యూటర్‌కు తగిలించే పరికరంలో) ఉంచి, పార్టిషన్ చేసి, ఫొటోలు, పత్రాలు కాపీ చేశాను. తరువాత కేబినెట్‌లో పాత డిస్క్ పక్కనే సాటా కేబుల్‌తో తగిలిస్తే ‘డిస్క్ బూట్ ఫెయిల్యూర్, ఇన్సర్ట్ సిస్టమ్ డిస్క్ అండ్ ప్రెస్ ఎంటర్’ అని చూపి ఆగిపోతోంది. బయోస్‌లో (స్విచ్ వేయగానే మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్‌లో) కొత్త డిస్క్ పరిమాణం 1801 జీబీ అని కనిపిస్తోంది. దానిని తీసేస్తే పాత విండోస్ మామూలుగానే వస్తోంది. తిరిగి డాక్‌లో పెడితే నా ఫైళ్లన్నీ కనిపిస్తున్నాయి. విండోస్‌ను కూడా కొత్త డిస్క్ మీదికి మార్చాలని నా ఉద్దేశం.

దీనికంటే పాత కంప్యూటర్ మరొకటి ఉంది. సర్వీస్ ప్యాక్ 3తో విండోస్ ఎక్స్‌పీ నడిచేది. అప్పట్లో 40 జీబీ డిస్క్ నుంచి 250 జీబీ డిస్క్‌కు క్లోన్ చేసి, మొత్తాన్నీ ఒకటే పార్టిషన్‌గా విస్తరించాను. ఏడాదికి పైగా బాగా పనిచేసి, నేనేమీ మార్చకుండానే ఒకరోజు ‘ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్’ అంటూ ఆగిపోయింది. రెండు డిస్కులూ చెడిపోయాయని తెలిసినవారు అంటున్నారు. సర్వీస్ ప్యాక్ లేని తొలి ఎక్స్‌పీ సీడీతో రిపేర్ చేయవచ్చా?

సమాధానం: మీరు రాసిన లక్షణాల్లో డిస్కులు చెడిపోయాయనడానికి ఆధారం ఒక్కటి కూడా కనిపించడం లేదు. ప్రస్తుతానికి రెండు పనులు మాత్రం చేయకండి. కొత్త డిస్క్‌ను లోపల తగిలించినప్పుడు విండోస్ ‘ఇనీషియలైజ్’ చేయమంటారా, ‘ఫార్మాట్’ చేయమంటారా అని అడిగితే ఒప్పుకోకండి. ఎక్స్‌పీ సీడీని ఆ 250 జీబీ డిస్క్ జోలికి తీసుకుపోకండి. ఎందుకో రెండింటికీ కింద వివరిస్తాను.

మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన ఆధారం 1801 అనే అంకె. 4 టీబీ డిస్క్‌లో 512 బైట్ల సెక్టార్లు, అంటే డేటా రాసుకునే చిన్న గడులు, 781 కోట్లకు పైగా ఉంటాయి. సెక్టార్ సంఖ్యను 32 బిట్లలో రాసుకునే బయోస్‌కు గరిష్ఠంగా 429 కోట్ల 49 లక్షల సెక్టార్లు, అంటే 2.2 టీబీ వరకే లెక్క తెలుస్తుంది. ఆ హద్దు దాటగానే దాని లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. డిస్క్ మొత్తం సామర్థ్యంలోంచి ఆ 2.2 టీబీని తీసివేస్తే మిగిలేది సరిగ్గా 1801 జీబీ. ఇదే బయోస్‌కు 3 టీబీ డిస్క్ తగిలిస్తే 801 జీబీ అని చూపిస్తుంది. చెడిపోయిన డిస్క్ ఇంత కచ్చితమైన తప్పు చూపదు. ఇది లెక్కించే బయోస్ పరిమితి.

అందువల్ల ఇలాంటి సందర్భాల్లో మొదట తేల్చుకోవలసినది, కంప్యూటర్ ఆగిపోయిన ఆ క్షణంలో డిస్క్‌ను చదువుతున్నది ఎవరు అన్న విషయం. స్విచ్ వేసిన తరువాత డిస్క్‌ను మొదట పలకరించేది మదర్‌బోర్డు మీది బయోస్. అది డిస్క్‌లోని మొట్టమొదటి సెక్టార్‌ను మెమరీలోకి తెచ్చి, అందులోని చిన్న ప్రోగ్రామ్‌కు పని అప్పగిస్తుంది. ఆ ప్రోగ్రామ్ బూట్ లోడర్‌ను, బూట్ లోడర్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌ను (దాని కీలక భాగాన్ని), అత్యవసరమైన డ్రైవర్లను తెచ్చుకుంటాయి. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. బూట్ లోడర్‌కు సొంత డిస్క్ డ్రైవర్ ఉండదు. ప్రతి సెక్టార్‌నూ అది బయోస్‌ను అడిగే తెప్పించుకుంటుంది. కెర్నల్ లేచి తన డ్రైవర్‌ను నడపడం మొదలుపెట్టిన తరువాతే బయోస్ ప్రమేయం ముగుస్తుంది. కాబట్టి విండోస్‌కు 250 జీబీ డిస్క్ మొత్తం తెలిసి ఉండి కూడా, ఆ విండోస్‌ను లేపవలసిన బయోస్‌కు అందులో సగమే తెలిసి ఉండే పరిస్థితి రావచ్చు. డిస్క్‌ను గుర్తిస్తున్న తెర మీదే కంప్యూటర్ బిగుసుకుపోతే అది బయోస్ ఇబ్బంది. అది దాటిన తరువాత నల్లని తెర మీద ఒక వాక్యం రాసి ఆగితే బూట్ క్రమమో, లోడరో కారణం. విండోస్ చిహ్నం కనిపించాక నీలి తెరతో ఆగితే అప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ డ్రైవర్‌ను అనుమానించాలి.

ఇలాంటి హద్దులు కొత్తవి కావు. తొలి రోజుల్లో బయోస్, డిస్క్ చెరొక పద్ధతిలో లెక్కించడంతో 528 ఎంబీ దగ్గర ఒకటి, తరువాత 8.4 జీబీ దగ్గర ఒకటి, కొన్ని రకాల బయోస్‌లలో 33.8 జీబీ దగ్గర ఇంకొకటి వచ్చాయి. సెక్టార్ చిరునామాకు 28 బిట్లే కేటాయించిన కాలంలో 137 జీబీ హద్దు వచ్చింది. అది తొలగడానికి 48 బిట్ల చిరునామా కావలసి వచ్చింది. డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో రాసే ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పట్టికలో 32 బిట్లు ఉండడం వల్ల 2.2 టీబీ హద్దు ఏర్పడింది. మీ రెండు కంప్యూటర్లూ ఈ చివరి రెండు హద్దుల దగ్గర చిక్కుకున్నాయి.

ఇక మొదటి కంప్యూటర్ సంగతి. కొత్త డిస్క్ తగిలించగానే పాత విండోస్ సైతం రాకపోవడానికి 2.2 టీబీ హద్దుతో నేరుగా సంబంధం లేకపోవచ్చు. కొత్త డిస్క్ చేరినప్పుడు చాలా బయోస్‌లు, ముఖ్యంగా అది ముందు అంకె గల సాటా పోర్టులో ఉంటే, దానిని వరుసలో మొదటి స్థానంలో పెట్టేస్తాయి. అందులో బూట్ కావడానికి ఏమీ లేదు కాబట్టి మీరు చూసిన వాక్యం వస్తుంది. బయోస్‌లోకి వెళ్లి బూట్ క్రమంలో ‘హార్డ్ డిస్క్’ మొదట ఉందో లేదో చూసి తృప్తిపడి వచ్చేస్తే చాలదు. ఆ కాలపు బయోస్‌లలో సాధారణంగా రెండు జాబితాలు ఉంటాయి: సీడీ, హార్డ్ డిస్క్, యూఎస్‌బీల మధ్య క్రమం చెప్పేది ఒకటి, ఉన్న హార్డ్ డిస్కుల్లో ఏది ముందో చెప్పేది ఇంకొకటి. రెండవదానిలో 320 జీబీ డిస్క్‌ను పైకి తేవాలి. అంతకంటే తేలికగా, పాత డిస్క్ కేబుల్‌ను మొదటి పోర్టులోనే ఉంచి, కొత్తదానిని చివరి పోర్టుకు తగిలించి కూడా చూడవచ్చు. ఆ వయసు మదర్‌బోర్డులో గుండ్రటి బటన్ బ్యాటరీ నీరసించి ఉంటే, కరెంటు తీసిన ప్రతిసారీ ఈ అమరికలన్నీ చెరిగిపోతాయి. గడియారం వెనకటి తేదీలకు పోతూ ఉంటే ముందు ఆ బ్యాటరీ మార్చండి. అదే అదనుగా బయోస్‌లో సాటా డిస్క్‌తో మాట్లాడే పద్ధతి ఏహెచ్‌సీఐ నుంచి పాతదైన ఐడీఈకి మారిపోతే, విండోస్ సగంలో నీలి తెర చూపి 7బీ అనే సంఖ్యతో ఆగిపోతుంది. డిస్క్ పోయిందని బెంబేలెత్తించే లక్షణాల్లో ఇదీ ఒకటి.

బూట్ క్రమం సరిచేశాక విండోస్ వస్తుంది. కానీ లోపల తగిలించిన ఆ డిస్క్‌లో మీ ఫైళ్లు కనిపించకపోయే అవకాశం ఉంది. అందుకే ఇనీషియలైజ్ మాటకు ఒప్పుకోవద్దని మొదటే హెచ్చరించాను. పాత ఎక్స్‌పీ వంటి వాటిలోనూ పెద్ద డిస్కులు పనిచేయాలన్న ఉద్దేశంతో కొన్ని యూఎస్‌బీ డాకులు చిన్న ఉపాయం చేస్తాయి. డిస్క్ 512 బైట్ల సెక్టార్లని చెబుతున్నా, అవి ఎనిమిదేసి సెక్టార్లను కలిపి 4096 బైట్ల సెక్టార్లుగా కంప్యూటర్‌కు చూపిస్తాయి. అప్పుడు 32 బిట్ల పట్టికతోనే 17 టీబీకి పైగా లెక్కించవచ్చు. ఇబ్బంది ఎక్కడంటే, డాక్‌లో రాసిన పార్టిషన్ పట్టిక 4096 బైట్ల ప్రమాణంలో ఉంటుంది. డిస్క్‌ను నేరుగా సాటా కేబుల్‌కు తగిలిస్తే అవే అంకెలను 512 బైట్ల ప్రమాణంలో చదువుతారు కాబట్టి, ప్రతి చిరునామా అసలు దూరంలో ఎనిమిదో వంతు దగ్గర తప్పు చోటును చూపిస్తుంది. డేటా అంతా క్షేమంగానే ఉంటుంది, దారి మాత్రం తప్పుతుంది.

మీ డాక్ ఈ రకానిదో కాదో తెలుసుకోవడం కష్టం కాదు. డిస్క్‌ను డాక్‌లో పెట్టి, విండోస్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, కాంపొనెంట్స్‌లో స్టోరేజ్, దాని కింద డిస్క్స్ అనే చోట ‘బైట్స్ పర్ సెక్టార్’ ఎంత ఉందో చూడండి. 4096 అని ఉంటే అనుమానం నిజమైనట్టే. పరిష్కారం ఒకటే, కాస్త విసుగు పుట్టించేదే: డాక్‌లో ఉండగానే ఫైళ్లన్నిటినీ వేరే చోటికి కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకుంటోందని పరీక్షించి, తరువాత డిస్క్‌ను కేబినెట్‌లో తగిలించి అక్కడే కొత్తగా పార్టిషన్ చేసి, ఫైళ్లను తిరిగి తెచ్చుకోవాలి. పట్టికను చేత్తో సరిదిద్దే పద్ధతులు ఉన్నాయని కొందరు చెబుతారు. పార్టిషన్ లోపలి ఫైల్ సిస్టమ్ సైతం ఆ 4096 ప్రమాణంలోనే తయారై ఉంటుంది కాబట్టి, ఫొటోలు ఉన్న డిస్క్ మీద ఆ ప్రయోగం చేయమని నేను చెప్పలేను.

విండోస్‌ను 4 టీబీ డిస్క్ మీదికే మార్చాలన్న మీ ఉద్దేశాన్ని మాత్రం విరమించుకోమనే నా సలహా. 2.2 టీబీ దాటిన స్థలాన్ని వాడుకోవాలంటే ఎంబీఆర్‌కు బదులు జీపీటీ అనే కొత్త తరహా పార్టిషన్ పట్టిక ఉండాలి. జీపీటీ డిస్క్ నుంచి విండోస్ బూట్ కావాలంటే మదర్‌బోర్డులో బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ ఉండాలి. పాత బయోస్‌తో విండోస్ దీనికి ఒప్పుకోదు, ఇన్‌స్టాల్ చేయబోతేనే అభ్యంతరం చెబుతుంది. ఎంబీఆర్ పెట్టి ముందు భాగంలో విండోస్ వేసుకోవచ్చు, అది బూట్ అవుతుంది కూడా. అయితే మిగిలిన 1.8 టీబీ ఎందుకూ కొరగాకుండా పోతుంది. అయితే బూట్ కావలసిన అవసరం లేని జీపీటీ డిస్క్‌ను, కేవలం ఫైళ్లు దాచుకునేందుకు, విండోస్ 7 పాత బయోస్ మీద కూడా పూర్తి సామర్థ్యంతో వాడుకుంటుంది. బయోస్ 1801 అని చూపినా విండోస్‌లో 4 టీబీ మొత్తం కనిపిస్తుంది. విండోస్ తన లెక్కలో దానిని సుమారు 3725 జీబీ అని రాస్తుంది. స్థలం పోయిందని కంగారు పడకండి, అది కొలమానంలోని తేడా మాత్రమే.

కాబట్టి 320 జీబీ డిస్క్‌నే బూట్ డిస్క్‌గా ఉంచండి. అది వయసు మీద పడినదైతే దాని స్థానంలో చిన్న ఎస్ఎస్‌డీ పెట్టుకుంటే కంప్యూటర్ వేగం కూడా గుర్తుపట్టగలిగినంత పెరుగుతుంది. పైన చెప్పినట్టు ఫైళ్లకు వేరే చోట కాపీ తీసుకున్న తరువాతే, 4 టీబీ డిస్క్‌ను కేబినెట్‌లో తగిలించి విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో జీపీటీ ఎంచుకోండి. అక్కడ కూడా 1.8 టీబీయే కనిపిస్తే, ఏదీ రాయకముందే ఆగి, స్టోరేజ్ డ్రైవర్‌ను చూడండి. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ 10.1 కంటే పాతదైతే 2.2 టీబీ దాటిన డిస్కులను తప్పుగా లెక్కిస్తుంది. డ్రైవర్ తప్పు లెక్కతో రాయడం మొదలుపెడితే నష్టం బయోస్ తెర మీది తప్పు అంకెలాగా చూసి నవ్వుకునేది కాదు.

లినక్స్ వాడేవారికి ఇక్కడ కొంత వెసులుబాటు ఉంది. గ్రబ్ బూట్ లోడర్, 1 ఎంబీ పరిమాణంలో ‘బయోస్ బూట్’ రకపు పార్టిషన్ ఒకటి చేసి ఇస్తే, పాత బయోస్‌తోనే జీపీటీ డిస్క్ నుంచి బూట్ అవుతుంది. కెర్నల్ ఉండే పార్టిషన్‌ను డిస్క్ మొదటి భాగంలో, బయోస్‌కు తెలిసిన హద్దు లోపల, ఉంచాలి. అన్నీ సరిగా ఉన్నా బూట్ కాకపోతే, ఎంబీఆర్‌లో ఒక్క పార్టిషన్‌కైనా ‘యాక్టివ్’ గుర్తు లేనిదే డిస్క్‌ను లెక్కచేయని మొండి బయోస్‌లు కొన్ని ఉన్నాయని గుర్తుంచుకోవాలి.

డిస్క్ పరిమాణం తప్పుగా కాక, డిస్కే కనిపించకుండా పోయేవారికి కారణాలు వేరు. తొలితరం సాటా చిప్‌లు కొన్ని, ముఖ్యంగా వయా వీటీ8237, వీటీ6420 వంటివి, సెకనుకు 3 గిగాబిట్ల డిస్కులతో వేగం కుదుర్చుకోలేకపోతాయి. డిస్క్ వెనక జంపర్ పెట్టి 1.5 గిగాబిట్లకు తగ్గించే వీలు ఉంటే సరిపోతుంది. ఇటీవలి పెద్ద డిస్కుల్లో కొన్నింటికి మూడవ పవర్ పిన్‌లో 3.3 వోల్టులు వస్తే అసలు తిరగవద్దన్న సంకేతంగా అందుతుంది. పాత పవర్ సప్లై అక్కడ ఎప్పుడూ ఆ వోల్టేజీ ఇస్తూ ఉంటుంది కాబట్టి డిస్క్ చలనం లేకుండా పడి ఉంటుంది. నాలుగు పిన్నుల పాత మోలెక్స్ కనెక్టర్ నుంచి సాటాకు మార్చే కేబుల్ వాడితే, అందులో 3.3 వోల్టుల తీగ ఉండదు గనుక డిస్క్ లేస్తుంది. కేబుల్ నాణ్యమైనది ఎంచుకోండి, నాసిరకం వాటిలో తీగలు కాలిపోయిన సందర్భాలున్నాయి.

ఇప్పుడు ఎక్స్‌పీ కంప్యూటర్. ఏమీ మార్చకుండానే ఆగిపోయిందన్న మీ మాట నమ్ముతున్నాను, కానీ డిస్క్ మీద మార్పు జరుగుతూనే ఉంది. మీరు 40 జీబీ డిస్క్ నుంచి క్లోన్ చేసినప్పుడు విండోస్ ఫైళ్లన్నీ కొత్త డిస్క్ మొదటి 40 జీబీలోనే పడ్డాయి. బయోస్‌కు 48 బిట్ల చిరునామా తెలియకపోయినా, బూట్‌కు అవసరమైనవన్నీ 137 జీబీ లోపలే ఉన్నాయి కాబట్టి అది సునాయాసంగా లేచేది. కెర్నల్ లేచాక సర్వీస్ ప్యాక్ 1, ఆపై వాటిలో ఉన్న 48 బిట్ల డ్రైవర్ మొత్తం 250 జీబీనీ వాడుకునేది. క్రమంగా డిస్క్ నిండుతూ వచ్చింది. ఏదో అప్‌డేట్ ఒక ఫైల్‌ను తిరగరాసినప్పుడో, డీఫ్రాగ్ ఫైళ్లను సర్దినప్పుడో, బూట్‌కు కావలసిన ఫైళ్లలో ఒకటి ఆ హద్దుకు అవతలి ఖాళీలోకి చేరింది. మరుసటిసారి స్విచ్ వేసినప్పుడు బయోస్ అక్కడిదాకా చేరలేకపోయింది. ఆ ఫైల్ ఎక్స్‌పీ బూట్ లోడర్ అయిన ఎన్‌టీఎల్‌డీఆర్ అయితే మీరు చూసిన వాక్యం వస్తుంది. హాల్ డీఎల్‌ఎల్ అయితే అది లేదనో చెడిందనో వస్తుంది. సిస్టమ్ రిజిస్ట్రీ ఫైల్ అయితే దాని పేరు వస్తుంది. కొత్త కెర్నల్‌కు అప్‌డేట్ అయ్యాక బూట్ కాని లినక్స్, మెనూలో పాత కెర్నల్ ఎంచుకుంటే మాత్రం చక్కగా లేచే సందర్భాల్లో కూడా తరచు ఇదే కథ నడుస్తుంది.

దీన్ని రుజువు చేసుకోవడం సులువు. ఆ డిస్క్‌ను కాస్త కొత్త కంప్యూటర్‌కు రెండవ డిస్క్‌గా తగిలించండి. ఎన్‌టీఎల్‌డీఆర్ ఫైల్ తన చోట భద్రంగా ఉండి, మిగిలిన ఫైళ్లు తెరుచుకుంటూ ఉంటే, అనుమానం దాదాపు తీరినట్టే. అక్కడే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ నివేదిక కూడా చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి మార్చినవి), పెండింగ్ సెక్టార్లు (అనుమానాస్పదమైనవి) సున్నాగా ఉంటే తెలిసినవారి మాటను పక్కన పెట్టవచ్చు. డిస్క్ నుంచి టకటకమనే శబ్దం వస్తుంటే మాత్రం నేను చెప్పినదంతా ఆపి, ముఖ్యమైన ఫైళ్లను ముందు కాపీ చేసుకోండి.

అసలు సీడీతో రిపేర్ చేయవద్దనడానికి కారణం ఇదే హద్దు. సర్వీస్ ప్యాక్ లేని తొలి ఎక్స్‌పీ సీడీకి 48 బిట్ల చిరునామా తెలియదు. దాని కంటికి మీ 250 జీబీ డిస్క్ 137 జీబీ దగ్గర ముగిసిపోతుంది. తన దృష్టిలో లేని స్థలంలో ఉన్న ఫైళ్లను అది తప్పులుగా భావించి ‘సరిదిద్దితే’, ఇప్పటివరకు కేవలం బూట్ కాని డిస్క్ నిజంగానే ఫైళ్లు పోయిన డిస్క్‌గా మారుతుంది. ఆ సీడీ నుంచి డిస్క్ తప్పులను సరిదిద్దే చెక్‌డిస్క్ ప్రోగ్రామ్ నడపడం మరీ ప్రమాదకరం.

చేయవలసినది ఇది. డిస్క్‌ను ఆ కొత్త కంప్యూటర్‌లోనే ఉంచి, ముందుగా మొత్తం డేటాకు వేరే చోట కాపీ తీసుకోండి. తరువాత లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) నుంచి, పార్టిషన్లను సర్దే జీపార్టెడ్ ప్రోగ్రామ్ తెరిచి, ఆ ఒక్క పార్టిషన్‌ను 120 జీబీకి కుదించండి. అందులో అంత డేటా పట్టకపోతే, కాపీ తీసుకున్న ఫొటోలు, వీడియోలు ముందే తొలగించి చోటు చేయండి. కుదించేటప్పుడు హద్దు అవతల ఉన్న ఫైళ్లన్నిటినీ అది ఇవతలికి తెస్తుంది కాబట్టి, తప్పిపోయిన బూట్ ఫైల్ కూడా బయోస్‌కు అందే చోటికి వస్తుంది. పార్టిషన్ మొదలయ్యే స్థానాన్ని మాత్రం కదిలించవద్దు. మిగిలిన స్థలంలో రెండవ పార్టిషన్ చేసి ఫైళ్లు అక్కడ దాచుకోండి. పాత కంప్యూటర్‌లోకి తిరిగి తగిలించాక, మొదటిసారి ఎక్స్‌పీ తనంతట తాను డిస్క్‌ను పరీక్షించుకుంటుంది, మధ్యలో ఆపకండి. ఇది మీ సర్వీస్ ప్యాక్ 3 విండోస్ చేసే పరీక్ష కాబట్టి భయం లేదు.

బయోస్ అప్‌డేట్ గురించి కూడా ఒక మాట. ఎక్స్‌పీ కంప్యూటర్ మదర్‌బోర్డుకు 48 బిట్ల చిరునామా తెలిసిన అప్‌డేట్ తయారీదారు విడుదల చేసి ఉంటే, అది వేయడం అర్థవంతమే, కానీ పైన చెప్పిన పార్టిషన్ పద్ధతి చేశాక దాని అవసరం ఉండదు. సగంలో కరెంటు పోతే మదర్‌బోర్డే మూలన పడుతుంది కనుక నేనైతే వేయను. అప్‌డేట్ దొరకక, హద్దు అవతల నుంచి కూడా బూట్ కావడం తప్పనిసరి అయినవారికి, సొంత బయోస్ చిప్ ఉన్న పీసీఐ డిస్క్ కంట్రోలర్ కార్డు మరో మార్గం. డిస్క్‌ను మదర్‌బోర్డుకు కాక ఆ కార్డుకు తగిలిస్తే, చదివే పని ఆ కార్డు బయోస్‌కు పోతుంది. కార్డు 48 బిట్ల చిరునామాకు, బూట్‌కు రెండింటికీ తగినదని దాని వివరాల్లో చూసుకోవాలి. ఎక్స్‌పీలో దాని డ్రైవర్‌ను మాత్రం డిస్క్ ఇంకా మదర్‌బోర్డుకు తగిలి ఉండగానే వేసి, ఆ తరువాతే కేబుల్ మార్చాలి. ముందే మారిస్తే పైన చెప్పిన 7బీ నీలి తెర ఎదురవుతుంది.